కౌన్సెలర్ గదికి అవతల

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక పదిహేడేళ్ల అమ్మాయి 2023 జూలైలో చనిపోయింది. దర్యాప్తు సరిగా జరగలేదని తండ్రి హైకోర్టుకు, అక్కడ ఫలితం లేక సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం కేసును సీబీఐకి అప్పగించింది. అంతటితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. మానసిక ఆరోగ్యం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలంది. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయవద్దంది. సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. దానికి నాలుగు నెలల ముందే, మార్చి 24న, ఢిల్లీ ఐఐటీ విద్యార్థుల మరణాల కేసులో జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ధర్మాసనం మాజీ న్యాయమూర్తి ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని వేసింది. ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక స్థితి మీద ఇంత గట్టిగా న్యాయస్థానం మాట్లాడిన సందర్భాలు మన దేశంలో అరుదు.

ఆ తరువాత కాలేజీలు కదిలాయి. అయితే ఆ కదలిక చాలాచోట్ల మూడు పనులతో ముగిసిపోతోంది: ‘స్టూడెంట్ కౌన్సెలింగ్ సెల్’ అని ఒక బోర్డు, ఎవరో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు అదనపు బాధ్యత, హాస్టల్ గోడ మీద హెల్ప్‌లైన్ నంబరు. ఇవి అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలు, కమిటీల నివేదికలు, తీర్పులు పక్కపక్కన పెట్టి చదివితే ఒకటి తేటగా కనిపిస్తుంది. విద్యార్థిని నలిపేస్తున్న వాటిలో పెద్ద భాగం యూనివర్సిటీలు తమ చేతులతో రాసుకున్న నిబంధనల్లో, ప్రభుత్వాలు ఆపిపెట్టిన చెల్లింపుల్లో ఉంది. వాటి జోలికి పోకుండా కౌన్సెలర్‌ను పెడితే, కాలేజీ ఉదయం చేసిన గాయానికి సాయంత్రం కట్టు కట్టడమే ఆ మనిషి ఉద్యోగమవుతుంది.

ముందు లెక్కలు. జాతీయ నేర గణాంకాల బ్యూరో ప్రకారం 2013లో దేశంలో 8,423 మంది విద్యార్థులు బలవన్మరణం పాలయ్యారు. 2022లో ఆ సంఖ్య 13,044. 2023లో 13,892. ఈ అంకెలను యూనివర్సిటీల లెక్కగా చదివితే తప్పవుతుంది; బ్యూరో ‘విద్యార్థి’ అనే గడిలో బడిపిల్లలూ ఉన్నారు, పరిశోధక విద్యార్థులూ ఉన్నారు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో ఎందరు, పీజీలో ఎందరు, ఏ యూనివర్సిటీలో ఎందరు అని ఆ పట్టికలు చెప్పవు.

చనిపోయినవారి లెక్క కంటే కష్టంలో బతుకుతున్నవారి లెక్క మరీ మసకగా ఉంది. నిమ్‌హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ఇప్పటికీ అందరూ ఉదహరించేది. మానసిక సమస్య ఉన్నవారిలో 70 నుంచి 92 శాతం మందికి, సమస్యను బట్టి, ఏ చికిత్సా అందడం లేదని తేల్చింది అదే. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో ఎనిమిది దేశాల్లోని పంతొమ్మిది కాలేజీల్లో దాదాపు పద్నాలుగు వేల మంది మొదటి సంవత్సరం విద్యార్థులను అడిగి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు మూడో వంతు మందికి అప్పటిదాకా జీవితంలో ఏదో ఒక మానసిక సమస్య వచ్చిందని తేలింది. ఆ ఎనిమిదింటిలో మన దేశం లేదు. అంటే మన పిల్లల గురించి మనం మాట్లాడేది చాలావరకు ఇతరుల కొలతల మీద ఆధారపడి ఉంది.

ఈ చీకట్లో కాస్త వెలుగు వైద్య విద్య నుంచి వచ్చింది. జాతీయ వైద్య కమిషన్ వేసిన కార్యదళం 2024లో ఇచ్చిన నివేదిక కోసం 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది పీజీలు ఆన్‌లైన్ సర్వేలో పాల్గొన్నారు. ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉందన్నారు. చనిపోవాలన్న ఆలోచనలు వచ్చాయన్నవారు ఎంబీబీఎస్‌లో 16.2 శాతం, పీజీల్లో 31.2 శాతం. ఇష్టపడి జవాబిచ్చినవారి సర్వే కాబట్టి ఈ శాతాలను అందరికీ అంటగట్టలేం. అయినా ఆ నివేదికలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది దాని సిఫార్సుల స్వభావం. ధ్యానం, యోగాలతో సరిపెట్టకుండా, రెసిడెంట్ల చేత వారానికి 74 గంటలకు మించి పని చేయించవద్దని చెప్పింది. బాధ ఎక్కడ పుడుతోందో అక్కడికి వెళ్లి మాట్లాడిన నివేదిక అది.

అదే దృష్టితో మన ఇంజినీరింగ్ కాలేజీని చూద్దాం. జేఎన్‌టీయూ పరిధిలో చదివిన ఎవరినైనా అడగండి, సెమిస్టర్ చివర డిటెన్షన్ లిస్టు వచ్చే రోజు ఎలా ఉంటుందో చెబుతారు. 75 శాతం హాజరుండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, కండొనేషన్ ఫీజు కట్టి బయటపడవచ్చు. 65 దాటకపోతే పరీక్ష రాయనివ్వరు. ఆ సెమిస్టర్ తరువాతి బ్యాచ్‌తో కూర్చుని మళ్లీ చదవాలి. లిస్టు నోటీసు బోర్డు ఎక్కేలోపే దాని ఫొటో క్లాసు వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. పేర్లుండవు, హాల్ టికెట్ నంబర్లే. చివరి రెండంకెలు చూస్తే ఎవరో క్లాసంతటికీ తెలుసు. సాయంత్రానికి ఇంటికి మెసేజ్ వెళుతుంది. నాన్న ఫోన్ చేస్తాడు. హాజరు 63 శాతం అని పడిన కుర్రాడు ఆ ఫోన్ ఎత్తడు.

ఆ కుర్రాడి హాజరు ఎప్పుడు పడిపోవడం మొదలైందో రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. మొదటి నెల తొంభై. రెండో నెల డెబ్భై. ఆ తరువాత మధ్యాహ్నం క్లాసులకు వస్తాడు, ఉదయం రాడు. మిడ్ పరీక్ష తరువాత వరుసగా తొమ్మిది రోజులు లేడు. రాత్రి నిద్ర పట్టకపోవడం, పొద్దున లేవలేకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం కుంగుబాటు లక్షణాలని వైద్యులు చెబుతారు. ఆ లక్షణాలు మొట్టమొదట బయటపడేది హాజరు పట్టీలోనే. ప్రతి కాలేజీ దగ్గర ఈ సమాచారం రోజువారీగా ఉంది, ఇప్పుడు బయోమెట్రిక్‌తో సహా. ఖర్చు లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నాలుగో వారంలో హాజరు జారుతుండగానే ఒకరు వెళ్లి ‘ఏమైంది, ఒంట్లో బాగుందా’ అని అడగడానికి వాడాల్సిన దాన్ని, పదహారో వారంలో శిక్ష వేయడానికి మాత్రమే వాడుతున్నాం. విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం ఒకే ఒక్క మార్పు చేయమని ఎవరైనా నన్నడిగితే, నేను కోరేది ఇది. డిటెన్షన్ నిబంధనను పూర్తిగా ఎత్తేయమని నేను అనను. కానీ హాజరు పడిపోతున్నప్పుడు కాలేజీ తరఫున ఎవరు, ఏ తేదీన ఆ విద్యార్థితో కూర్చుని మాట్లాడారో ఫైల్లో లేకుండా ఎవరినీ డిటెయిన్ చేయకూడదు.

పరీక్షల నిబంధన మారితే ప్రాణాలు నిలుస్తాయనడానికి మన పక్కనే ఉదాహరణ ఉంది. తమిళనాడులో పన్నెండో తరగతి తప్పినవారు ఏడాది పోగొట్టుకోకుండా కొద్ది వారాల్లోనే మళ్లీ పరీక్ష రాసే ఏర్పాటు ఈ శతాబ్దం మొదట్లో వచ్చింది. చెన్నైలో 1986లో ‘స్నేహ’ సంస్థను స్థాపించిన మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ ఈ సప్లిమెంటరీ విధానాన్ని ఆత్మహత్యల నివారణ చర్యగా ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. మన ఇంటర్‌లోనూ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. యూనివర్సిటీ స్థాయికి వచ్చేసరికి ఆ ఉదారత తగ్గిపోతుంది. బ్యాక్‌లాగ్ రాయాలంటే చాలాచోట్ల ఆరు నెలలో ఏడాదో ఆగాలి, ఈలోగా క్రెడిట్లు చాలక పై సంవత్సరానికి పంపరు, ప్లేస్‌మెంట్‌కు వచ్చిన కంపెనీ ‘నో యాక్టివ్ బ్యాక్‌లాగ్స్’ అంటుంది. తప్పిన రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టడం పరీక్షల విభాగానికి భారమే. ఆ భారం మోయడం మానసిక ఆరోగ్య కార్యక్రమమేనని యూనివర్సిటీలు ఒప్పుకోవాలి.

ఫీజుల సంగతి ఇంతకంటే సూటిగా ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫీజు రీయింబర్స్‌మెంట్ పేద కుటుంబాల నుంచి లక్షల మందిని కాలేజీ గడప ఎక్కించింది. ప్రభుత్వం నుంచి సొమ్ము రాకపోతే యాజమాన్యం ఆ ఒత్తిడిని విద్యార్థి మీదికి నెడుతుంది: ముందు మీరు కట్టండి, వచ్చాక వెనక్కిస్తాం, కట్టకపోతే హాల్ టికెట్ లేదు, చదువైపోయినా టీసీ, మెమోలు ఇవ్వం. ఉద్యోగం వచ్చినా సర్టిఫికెట్లు చేతిలో లేక చేరలేనివారు ఎందరో. 2025 నవంబరు మొదట్లో బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలే తలుపులు మూసి నిరసనకు దిగాయి. తన తప్పేమీ లేని గొడవలో విద్యార్థి బందీ అవుతున్నాడు. భట్ కార్యదళం మధ్యంతర నివేదిక చూసిన తరువాత 2026 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇదే: స్కాలర్‌షిప్ ఆలస్యమైందని ఏ విద్యార్థినీ పరీక్షకు ఆపకూడదు, హాస్టల్ నుంచి పంపకూడదు, మార్కుల మెమోలు, డిగ్రీలు పట్టి ఉంచకూడదు, పెండింగులో ఉన్న స్కాలర్‌షిప్పులు నాలుగు నెలల్లో చెల్లించాలి. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపడానికీ గడువు పెట్టింది. మానసిక ఆరోగ్యం మీద ఇచ్చిన ఆదేశంలో అధ్యాపకుల ఖాళీల ప్రస్తావన ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీల్లో మంజూరైన బోధన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. మూడు నెలలకోసారి కొనసాగింపు కోసం ఎదురుచూసే పార్ట్‌టైమ్ లెక్చరర్ ఒక సెమిస్టర్ దాటి ఏ విద్యార్థి ముఖాన్ని గుర్తుపెట్టుకోగలడు?

బాసర ట్రిపుల్ ఐటీ ఇందుకు మరో సాక్ష్యం. అది భాగంగా ఉన్న రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైంది. పదో తరగతి మార్కులతో, ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన పదిహేనేళ్ల పిల్లలు ఆరేళ్లు అక్కడే ఉండి చదువుతారు. గొప్ప ఆలోచన, ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. కానీ ఇంటికి దూరమైన ఆ వయసు పిల్లలను అంత పెద్ద సంఖ్యలో ఒకచోట పెట్టినప్పుడు చదువుతో పాటు సంరక్షణ బాధ్యతా యూనివర్సిటీదే. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వానలో తడుస్తూ రోజుల తరబడి బైఠాయించారు. వాళ్లడిగిన వాటిలో రెగ్యులర్ వైస్ చాన్సలర్ ఉంది, తినదగిన భోజనం ఉంది, చాలినంతమంది అధ్యాపకులు ఉన్నారు. పైకి చూస్తే ఏదీ మనసుకు సంబంధించింది కాదు. అన్నంలో పురుగు కనపడ్డ చోట, ఫిర్యాదు వినే అధికారి లేని చోట, ‘నీ మనసులో మాట చెప్పుకో’ అనే కౌన్సెలర్‌ను ఏ విద్యార్థి నమ్ముతాడు?

కులం గురించి మాట్లాడకుండా హైదరాబాద్‌లో ఈ చర్చ పూర్తి కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల 2016 జనవరి 17న మరణించారు. నెలల తరబడి ఫెలోషిప్ అందలేదు; మరో నలుగురు దళిత విద్యార్థులతో పాటు హాస్టల్ నుంచి పంపించారు. ఆ మరణాన్ని ఒక వ్యక్తి మానసిక దౌర్బల్యంగా కుదించే ప్రయత్నాలు అప్పుడూ జరిగాయి, ఇప్పుడూ జరుగుతున్నాయి. ఏ ఒక్క కారణంతోనూ ఎవరి మరణాన్నీ వివరించలేమని ఆత్మహత్యల నివారణ నిపుణులు చెప్పేది నిజం. దాన్ని అడ్డం పెట్టుకుని సంస్థ బాధ్యతను చెరిపేయడం కుదరదు. రోహిత్ తల్లి రాధిక వేముల, ముంబైలో 2019లో మరణించిన డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబిదా తడ్వీ కలిసి కులవివక్ష నివారణ కోసం సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాళ్లు కోరింది ఫిర్యాదు చేసే చోటు, దానికో గడువు, జవాబుదారీతనం. వివక్షకు గురైన విద్యార్థికి ముందు కావాల్సింది న్యాయం. పరిశోధక విద్యార్థుల విషయంలో ఇది ఇంకా చిక్కు. థీసిస్, ఫెలోషిప్ సంతకం, రేపటి ఉద్యోగానికి సిఫార్సు, అన్నీ ఒక్క గైడ్ చేతిలో ఉంటాయి. గైడ్‌ను మార్చుకోవడానికి భయం లేని దారి ఉండాలి. ఆ దారి ఏ కౌన్సెలింగ్ సెల్‌లోనూ దొరకదు, అకడమిక్ సెక్షన్‌లో దొరకాలి.

సరే, ఇవన్నీ సరిదిద్దినా సాయం అవసరమయ్యేవారు ఉంటారు. ప్రేమ విఫలమైనవారు, ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్నవారు, ఏ కారణమూ కనిపించకుండా కుంగుబాటులోకి జారినవారు. మానసిక సమస్యల్లో చాలా వాటికి పాతికేళ్ల లోపే బీజం పడుతుందని పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. వీరికి ఏ పద్ధతి పనిచేస్తుందన్న ప్రశ్నకు రెండు అధ్యయనాలు మనకు బాగా పనికొస్తాయి. రెండూ బడుల్లో జరిగినవే అయినా, పాఠం కాలేజీలకూ వర్తిస్తుంది.

ఒకటి బీహార్‌లోని నలంద జిల్లాలో జరిగింది; ఫలితాలు 2018లో లాన్సెట్‌లో వచ్చాయి. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉపాధ్యాయుల చేత చేయించారు, కొన్నింటిలో శిక్షణ పొందిన మామూలు మనిషిని అదే పనికి నియమించి చేయించారు. అతను డాక్టర్ కాదు, సైకాలజీ చదివినవాడూ కాదు. అతనున్న బడుల్లో వాతావరణం బాగుపడింది, పిల్లల్లో కుంగుబాటు తగ్గింది. ఉపాధ్యాయులకు అప్పగించిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మన ‘అదనపు బాధ్యత’ అసిస్టెంట్ ప్రొఫెసర్ల విధానానికి ఇంతకంటే స్పష్టమైన జవాబు ఉండదు. ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి దగ్గర విద్యార్థి మనసు విప్పడు. ఆ మనిషికీ సిలబస్ పూర్తి చేసుకోవడమే సరిపోతుంది.

రెండోది పది ఐరోపా దేశాల్లో పదకొండు వేల మందికి పైగా విద్యార్థులతో చేసి 2015లో ప్రచురించినది. ఉపాధ్యాయులకు ప్రమాద సంకేతాలు గుర్తుపట్టే శిక్షణ ఇవ్వడం, ప్రశ్నపత్రంతో జల్లెడపట్టి నిపుణుల దగ్గరికి పంపడం, విద్యార్థులే చర్చల ద్వారా, పాత్రలు ధరించి ఆడటం ద్వారా తమ మనసుల గురించి, తోటివారికి ఎలా సాయపడాలన్న దాని గురించి నేర్చుకోవడం: ఈ మూడింటినీ పోల్చారు. ఏడాది తరువాత ఆత్మహత్యా యత్నాలను దాదాపు సగానికి తగ్గించింది మూడోదే. కష్టంలో ఉన్న విద్యార్థి మొదట చెప్పుకునేది రూమ్మేట్‌కే కాబట్టి ఇది ఆశ్చర్యం కలిగించదు. హైదరాబాద్ ఐఐటీలోని ‘సన్‌షైన్’ విభాగం వృత్తి కౌన్సెలర్లతో పాటు సీనియర్ విద్యార్థులను మెంటార్లుగా, బడ్డీలుగా కలుపుకుని పనిచేస్తుంది. నిధులున్న సంస్థ కాబట్టి సాధ్యమైందని కొట్టిపారేయకూడదు. విద్యార్థుల భాగం డబ్బుతో వచ్చేది కాదు. అయితే సీనియర్ భుజం మీద మోయలేని బరువు పెట్టడమూ ప్రమాదమే. ఎప్పుడు తాను వినాలో, ఎప్పుడు వెంటనే నిపుణులకు అప్పగించాలో వాళ్లకు నేర్పాలి.

నిపుణులు ఎక్కడున్నారన్నది తరువాతి చిక్కు. దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరని, సగటు 0.75 అని, పార్లమెంటరీ స్థాయీ సంఘం 2023లో చెప్పింది. క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉంటుంది. ‘కౌన్సెలర్’ అని బోర్డు పెట్టుకోవడానికి ఆచరణలో అలాంటి అడ్డేమీ లేదు. కోర్టు ఆదేశాన్ని కాగితం మీద నెరవేర్చడానికి కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సు చేసినవారిని కూర్చోబెట్టే ప్రమాదం ఎదురుగానే ఉంది. ఆంధ్రా, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ విభాగాలున్నాయి. అక్కడ పీజీ చేస్తున్నవారు సీనియర్ల పర్యవేక్షణలో అనుబంధ కాలేజీల్లో వారానికి రెండు రోజులు పనిచేసేలా ఏర్పాటు చేయవచ్చు. వాళ్లకు శిక్షణ, కాలేజీలకు మనిషి. మన విద్యార్థుల్లో అత్యధికులు చదివేది యూనివర్సిటీ క్యాంపస్‌లో కాదు, ఊరి చివరి అనుబంధ కాలేజీల్లో. పథకం ఏదైనా అక్కడిదాకా వెళ్లకపోతే లెక్కలోకి రాదు.

ఇక గోప్యత. కౌన్సెలింగ్ గది ప్రిన్సిపాల్ చాంబరు పక్కనే ఉంటే, లోపలికి వెళ్లేముందు అటెండర్ ముందు రిజిస్టరులో పేరు, రోల్ నంబరు రాయాల్సి వస్తే, ఎవరూ వెళ్లరు. హైదరాబాద్‌లో ఎవరినైనా ఎగతాళి చేయాలంటే మానసిక చికిత్సాలయం ఉన్న ఎర్రగడ్డ పేరెత్తే అలవాటు ఇంకా పోలేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, 23వ సెక్షన్ వివరాలను గోప్యంగా ఉంచే హక్కునిచ్చింది. ప్రాణాపాయం వంటి సందర్భాల్లోనే మినహాయింపు. 115వ సెక్షన్ ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి శిక్షించరాదని చెప్పింది. అయినా కొన్ని కాలేజీల్లో ఇప్పటికీ మొదటి చర్య తల్లిదండ్రులను పిలిపించి, ‘మా బాధ్యత లేదు’ అని రాయించుకుని, పిల్లవాణ్ని ఇంటికి పంపేయడం. ఒకసారి అలా జరిగితే, ఆ హాస్టల్లో ఆ తరువాత ఎవరూ నోరు విప్పరు. అమ్మానాన్నలకు చెప్పకూడదని కాదు. చాలామందికి ఇల్లే ఆసరా. ఎప్పుడు, ఎంత, ఎవరి చేత చెప్పించాలన్నది విద్యార్థితో కూర్చుని తేల్చుకోవాలి.

క్యాంపస్ హెల్త్ సెంటర్ ఈ గోప్యత సమస్యకు కొంత పరిష్కారం. తలనొప్పి, గుండె దడ, కడుపులో మంట, నిద్ర లేకపోవడం అంటూ అక్కడికి వెళ్లడంలో ఎవరికీ నామోషీ లేదు. మన దగ్గర మనోవేదన చాలాసార్లు ఒంటి నొప్పిగానే బయటికి వస్తుంది. అక్కడి డాక్టర్ మాత్ర రాసి పంపేయకుండా రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగేలా శిక్షణ ఇస్తే సగం పని అవుతుంది.

హెల్ప్‌లైన్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీమానస్ 14416 నంబరులో ఇరవైనాలుగు గంటలూ తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. హైదరాబాద్‌లో ‘రోష్నీ’ స్వచ్ఛంద సంస్థ 1997 నుంచి ఈ పని చేస్తోంది. అర్ధరాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు అవతల ఒక గొంతు ఉండటం ప్రాణం నిలపగలదు.

ఈ చర్చల్లో దాదాపు ఎవరూ ముట్టుకోనిది, ఒక మరణం జరిగాక కాలేజీ ఏం చేయాలన్నది. ఇప్పుడు జరిగేది: వారం సెలవు, హాస్టల్ ఖాళీ, మీడియాకు గేటు మూత. రూమ్మేట్లను పోలీసులు ప్రశ్నిస్తారు. సెలవు అయ్యాక అదే గదికి, అదే పరీక్షలకు వాళ్లు తిరిగి రావాలి. దగ్గరివారిని ఇలా పోగొట్టుకున్నవారికి తమ ప్రాణాల మీదికి వచ్చే ప్రమాదం పెరుగుతుందని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. కాబట్టి వాళ్లకు గది మార్చుకునే వీలివ్వాలి, అడిగితే పరీక్షలు వాయిదా వేయాలి, పోలీసు విచారణలో కాలేజీ తరఫున ఒక పెద్దమనిషి పక్కన కూర్చోవాలి. కనీసం ఆ సెమిస్టర్ చివరిదాకా వారానికోసారి పలకరించే మనిషి ఎవరో పేరుతో సహా నిర్ణయించాలి. ఆ పేరు రూమ్మేట్లకు, వాళ్ల ఇళ్లకు మొదటి రోజే తెలియజేయాలి.